అప్పగింతలకు కొత్త పాట

తాడేపల్లిగూడెంలో మా వీధి ఆడవాళ్ళం కొందరం ఒక జట్టుగా పెళ్ళిళ్ళలో పాడేవాళ్ళం. ఇది పందొమ్మిది వందల ముప్పైలలో మాట. నేను కాపురానికి వచ్చి ఏడాది తిరక్కుండానే, గొంతు పెద్దదని నన్నూ కలుపుకున్నారు. మా పాటకు హార్మోనియం లేదు, ఫిడేలు లేదు. హార్మోనియం నాటకాలవాళ్ళదని మా ఇళ్ళల్లో ముట్టుకోనిచ్చేవారు కాదు. ఉన్నవి గొంతులే. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్ళం అందుకునేవాళ్ళం. ఎవరికైనా ఊపిరి చాలకపోతే పక్కవాళ్ళు లాక్కొచ్చేవారు.

పాటలన్నీ నేర్పింది మా పెద్దత్తయ్య, అంటే మా మామగారి అక్కగారు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. శుభకార్యాల్లో ఆవిడ పీటల దగ్గరికి రాకూడదు. పెళ్ళికి మాతోపాటు బండెక్కి వచ్చేది కాని, వంటింటి పక్కన ఏ గదిలోనో కూర్చుని తలుపు వెనక నుంచే వినేది. ఎక్కడ తప్పామో ఇంటికి వచ్చాక చెప్పేది.

ఒక మాఘంలో గణపవరంలో మాకు దూరపు బంధువుల అమ్మాయి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి తల్లి పిలుపుకు వచ్చి, మా అత్తగారికి బొట్టుపెట్టి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

“ఏమీ అనుకోకండి వదినగారూ. మీవాళ్ళు పాడే పాటలన్నీ అందరికీ వచ్చేశాయండి. అప్పగింతలకు మాత్రం ఏదైనా కొత్తది పాడించండి. మాకు ఒక్కతే పిల్లండి” అంది.

కొత్తదంటే ఏమిటో మాలో ఎవరికీ అంతుపట్టలేదు. పోస్టుమాస్టరుగారి భార్య మా జట్టులో చదువుకున్న మనిషి. ఆవిడ ఏలూరు వెళ్ళి, తమ్ముడింట్లో గ్రామఫోను మీద ఒక టాకీ పాట మళ్ళీ మళ్ళీ విని నేర్చుకొచ్చింది. ఆ పాటలో చరణానికీ చరణానికీ మధ్య వాయిద్యాలు వాయిస్తారట. మాకు వాయిద్యాలు లేవు కదా, అక్కడికి రాగానే అందరం నోళ్ళు మూసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఆవిడ ఫిడేలు ముక్క కూడా నోటితో పాడి చూసింది. మా అత్తగారు పమిటచెంగు నోట్లో కుక్కుకుని లేచి లోపలికి పోయింది.

నా పుట్టిల్లు కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున. అక్కడ పడవలవాళ్ళు పాడేది ఒకటి నాకు వచ్చు. అది పాడితే, పిల్లను పంపుతున్నామా, దోనె తోస్తున్నామా అని అడిగారు. పెద్దత్తయ్య ఒక పాత పదం తీసింది. రాగం బాగుంది. అర్థం అడిగితే, నీకు ఇప్పుడే అక్కర్లేదులే అంది. అదీ పక్కకు పోయింది.

ఇక తోచక, నాకు తెలియకుండానే ఒక రాగం కూనిరాగంగా తీస్తూ పప్పు రుబ్బుతున్నాను. పెద్దత్తయ్య వచ్చి, అదెక్కడిదే అంది. నాకే గుర్తులేదు. మర్నాడు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే తెలిసింది. గోడకు అవతల దర్జీ సాయిబుగారి ఇల్లు. ఆయన భార్యను మేం బీబమ్మగారు అనేవాళ్ళం. ఏలూరి ఆడపడుచు. కాజాలు కుట్టుకుంటూ ఆ పాటే పాడుకుంటోంది.

గోడ దగ్గర నిలబడి నేర్పమని అడిగాను. ముందు సిగ్గుపడింది, తరవాత రోజూ కాసేపు నేర్పింది. పాట తురకంలో ఉంది. ఏం చెబుతుందీ పాట అని అడిగితే కాస్త ఆలోచించింది.

“దూరం వెళ్ళేవాళ్ళ గురించమ్మా. ఎండ, దాహం, నీళ్ళు. అంతే నాకు తెలిసింది” అంది.

అప్పగింతలకు అంతకన్నా ఏం కావాలి? పెద్దత్తయ్య ఆ రాగానికి తెలుగు మాటలు కట్టింది. “ఎండన పోయే తల్లీ, ఏటి నీరు తాగి పోవే” అని మొదలవుతుంది. పోస్టుమాస్టరుగారి భార్య కూడా తన ఫిడేలు వదిలేసి ఇందులోకి వచ్చేసింది.

పెంటపాడు మీదుగా బండ్ల మీద గణపవరం వెళ్ళాం. అప్పగింతల్లో ఆ పాట ఎత్తుకున్నాం. పందిట్లో మాటలు ఆగిపోయాయి. పెళ్ళికూతురు తల్లిని వదల్లేదు. పెళ్ళికొడుకు తండ్రి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. వంటింటి పక్క గది తలుపు కొంచెం తెరుచుకుని ఉండడం నాకు కనబడుతూనే ఉంది.

భోజనాల తరవాత మావారు నన్ను పక్కకు పిలిచారు. మొహం అదోలా ఉంది. పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఏలూరు సాయిబుగారు ఒకాయన, గోనెసంచుల వ్యాపారి, మావారితో మెల్లిగా అన్నారట: ఏవండీ, మీ ఆడవాళ్ళు చాలా బాగా పాడారండి, కాని ఆ రాగం మేం పీర్ల పండగ రోజుల్లో చనిపోయినవారిని తలుచుకుని ఏడుస్తూ పాడేదండి, పెళ్ళిలో ఎందుకు పాడారో అని.

ఒక్కగానొక్క పిల్లను ఏడుపు పాటతో పంపామా? తిరుగుబండిలో చెప్పేశాను. పోస్టుమాస్టరుగారి భార్య బిగుసుకుపోయింది. పెళ్ళివారికి చెప్పాలా వద్దా అని ఒకరు, చెబితే ఇంకా కీడు కాదా అని ఒకరు. పెద్దత్తయ్య మాత్రం బండి వెనక చివర కూర్చుని కాలవకేసి చూస్తోంది.

మర్నాడు గోడ దగ్గరికి వెళ్ళి అడిగాను. బీబమ్మగారు బెదిరిపోయింది.

“నన్ను అత్తారింటికి పంపేటప్పుడు మా అమ్మ పాడిందమ్మా, ఏడుస్తూ. పీర్ల నెలలో కూడా ఇలాంటిదే పాడతారు, నేనూ విన్నాను. ఇదీ అదీ ఒకటేనేమో, కాదేమో. అమ్మను అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు అమ్మ లేదు. నేను మీకేం చెడు చెయ్యలేదు కదమ్మా?” అంది.

లేదు లేదన్నాను. సాయంత్రం వాళ్ళాయన్ని మావారు అడిగితే, అది రెండూ కాదండీ, ఎవరో ఫకీరు పాట అన్నాడట. నాకు మతి పోయింది. లోపలికి వచ్చి పెద్దత్తయ్య దగ్గర కూలబడి, ఇంతకీ మనం పాడింది శుభమా, అశుభమా అని అడిగాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది.

“నన్నూ అక్కడ నిలబడకూడదంటారు కదే అమ్మాయ్. నేను నేర్పిన పాటలు మాత్రం ఇన్నేళ్ళూ పందిట్లో నిలబడ్డాయి. ఎవరూ వద్దనలేదు. ఏది అశుభమో నాకు మాత్రం ఏం తెలుసు?” అంది.

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అంది. నేనూ చేటలో చెయ్యిపెట్టి రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను.

ఆ తరవాత పెళ్ళిళ్ళలో జనమే ఆ పాట అడిగేవారు. పోస్టుమాస్టరుగారి భార్య మా మధ్యే నిలబడేది కాని, ఆ పాట రాగానే పెదవులు బిగించేసేది. నేను పాడేదాన్ని. పాడుతున్నంతసేపూ బాగుండేది, ఆపాక భయం వేసేది.

గణపవరం అమ్మాయి ఏడాదిన్నర తరవాత చంటిపిల్లతో మా ఇంటికి వచ్చింది. ఒళ్ళుచేసి, నవ్వుతూ ఉంది. ఆ పాట ఎవరు కట్టారండీ, మా పిల్ల అది పాడితేనే నిద్రపోతుంది అంది. పెద్దత్తయ్య లోపలికి తప్పుకోబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ అమ్మాయి ఏమీ ఆలోచించకుండా పిల్లను ఆవిడ ఒడిలో పెట్టి పాడడం మొదలుపెట్టింది. మాకన్నా మెల్లగా, రెండో వరసలో గొంతు తిప్పే చోట మా తిప్పు వదిలేసి మరోలా పాడింది.

“అక్కడ అలా కాదమ్మా” అంది పెద్దత్తయ్య. ఇంకోసారి పాడించుకుని విని, “పోనీలే, అదీ బాగానే ఉంది” అంది.