మెల్లకన్ను బోణీ

ఆ రోజుల్లో ఆడపిల్ల కన్ను కాస్త ముక్కువైపు వాలి ఉంటే దాన్ని జబ్బు అనేవాళ్లు తక్కువ, అదృష్టం అనేవాళ్లు ఎక్కువ. ఇప్పుడైతే పిల్లలు బళ్లో చేరకముందే కళ్లూ పళ్లూ చెవులూ అన్నీ పరీక్ష చేయిస్తున్నారు గానీ, బన్సీలాల్‌పేట్‌లో మా ఇంట్లో నా ఎడమకన్ను మెల్ల తిరుగుతోందని మొదట కనిపెట్టిన నాయనమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. "మా మనవరాలిది లక్ష్మీకన్ను" అని గల్లీ అంతా చెప్పుకొచ్చింది. ఆ కన్నుతో ఏమైనా కనిపిస్తుందా అని నన్ను ఎవరూ అడగలేదు. (అడిగినా చెప్పగలిగేదాన్ని కాదు. అందరికీ ఒక కన్ను చూడ్డానికి, రెండోది అందానికి ఉంటుందనుకునేదాన్ని.)

నాన్నకు బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల కమీషన్ దుకాణం ఉండేది. ఒక సెలవురోజు పొద్దున్నే నన్ను వెంట తీసుకెళ్తే, ఆ పూట టమాటా లారీలోంచి దిగీ దిగకముందే అమ్ముడైపోయింది. అప్పుడు పెళ్లిళ్ల ముహూర్తాలు జోరుగా ఉన్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు, ఘనతంతా నా కన్నుకే దక్కింది. ఇక అప్పట్నుంచి సెలవొస్తే చాలు, బోణీకి నేను ఉండాల్సిందే. టమాటా పెట్టెల మీద కూర్చుని నిద్రమత్తులో కళ్లు నులుముకుంటే, "గట్ల నలపకు బిడ్డా, మెల్ల పోతది" అని హమాలీలు కూడా జాగ్రత్త చెప్పేవారు. పక్క దుకాణం ఆయన నన్ను ఒక్క పూట తన దగ్గర కూర్చోబెట్టమని అడిగితే నాన్న ససేమిరా అన్నాడు. నేను తెగ మురిసిపోయాను. చదువులో ఎలాగూ పేరు రాలేదు, కన్నుతోనైనా వచ్చింది కదా అని.

ఈ వైభవం ఇలా సాగుతుండగా నాకు కళ్లకలక వచ్చి కుడికన్ను వాచి మూసుకుపోయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడితే, మిగిలిన ఎడమకన్నుతో చూసి, "ఎవరు కావాలండీ?" అని మర్యాదగా అడిగాను. అమ్మ నవ్వలేదు. కలక తగ్గగానే మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని సికింద్రాబాద్‌లోనే ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ లైటు వేసి, అక్షరాలు చదివించి, "కన్ను బాగానే ఉంది, దానికి చూడ్డమే అలవాటు కాలేదు. లేజీ ఐ అంటారు. మంచికన్నుకు ప్లాస్టర్ వేసి, దీంతో పని చేయించాలి. పెద్దదైతే ఇక చూపు రావడం కష్టం, ఇప్పుడే మొదలుపెట్టండి" అంది. మా నాయనమ్మకు ఇందులో న్యాయమేదీ కనిపించలేదు.

"మంచిగ పనిచేసే కన్నును కట్టేసుడేందమ్మా? పనిచెయ్యనిదాన్ని కదా కట్టెయ్యాలె. ఇంతకు, ఈ మెల్ల పోతదా ఏంది?"

"తగ్గొచ్చు. తగ్గితే మంచిదే కదా."

"మరి బోణీ ఎట్ల?" అంది నాయనమ్మ. నాన్న ఫ్యానుకేసి చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ మాత్రం, "బోణీ మీ కొడుకు చేసుకుంటడు అత్తమ్మా, నా బిడ్డకు చూపు కావాలె" అంది. అత్తగారికి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. నాయనమ్మ చెప్పులేసుకోవడానికి లేచింది. ఆమె లేచిందంటే నాన్న కూడా లేస్తాడు, నాన్న లేస్తే నా కన్ను సంగతి అక్కడితో సరి.

డాక్టరమ్మకు ఏం తోచిందో, "ఒక్క నిమిషం ఇటు చూడండమ్మా" అని నా కుడికన్నుకు అట్టముక్క అడ్డం పెట్టి, పెన్ను చూపించి, దాన్నే చూడమంది. ముక్కు దగ్గర ఒదిగి ఉన్న నా ఎడమకన్ను చటుక్కున మధ్యకు వచ్చి నిలబడిందట. నాయనమ్మ బెంబేలెత్తిపోయింది.

"మెల్ల యాడికి పోయింది?"

"ఎక్కడికి పోలేదమ్మా. అట్ట వెనక మంచికన్ను ఇప్పుడు మెల్ల తిరిగింది, పక్కనుంచి చూడండి."

నాయనమ్మ పక్కనుంచి తొంగి చూసింది. ఆమె మొహం విప్పారింది. "అంటే లక్ష్మి ఈ కంట్లకెల్లి ఆ కంట్లకు పోయింది, గంతే కదా" అంది. డాక్టరమ్మ వివరించబోయింది. అమ్మ ఆమె కేసి ఒక చూపు చూసింది. "గంతేనమ్మా" అంది డాక్టరమ్మ. అలా వైద్యశాస్త్రం కాస్త తల వంచి, నా వైద్యం షురూ అయ్యింది.

నాకు ఆ ప్లాస్టర్ అంటే ఒళ్లుమంట. అది వేస్తే లోకమంతా అలికేసినట్టుండేది. పీకేద్దామని చెయ్యి లేపితే చాలు, "ముట్టకు, లోపల లక్ష్మి కూసున్నది" అని నాయనమ్మ కసిరేది. అమ్మయినా జాలిపడి వదిలేసేదేమో గానీ ఆమె వదల్లేదు. మధ్యాహ్నాలు అరుగు మీద ఎదురుగా కూర్చుని, "నన్నే సూడు, కన్నును అటిటు ఉరకనియ్యకు" అనేది. ఆమె ముక్కుపుడక మీద నిలపబోతే నా కన్ను చెవికమ్మ మీదికి జారేది, వెనక్కి లాగితే పుడకను దాటి అవతలి చెంపకు పోయేది. నాయనమ్మంటే నాకు అప్పుడొక గొంతు, ఒక తెల్లమరక. ఎప్పటికీ ఇంతేనేమోనని భయమేసి ఏడ్చేదాన్ని. "ఏడిస్తే ప్లాస్టర్ ఊడుతది" అని కొంగుతో ఒత్తేది.

అలా ఎంతకాలం గడిచిందో గానీ, ఒక మధ్యాహ్నం, "నాయనమ్మా, నీ గడ్డం కింద తెల్లవెంట్రుక ఉన్నది" అన్నాను.

ఆమె మొదట నా ప్లాస్టర్ చుట్టూ వేలు పెట్టి తడిమి చూసింది. ఎక్కడా సందు లేదు. తర్వాత తన గడ్డం తడుముకుంది.

"ఎంత పొడుగున్నది?"

"మిరపకాయ తొడిమంత."

"ఇన్నేండ్ల సంది ఇంట్ల పడి ఉన్నరు, ఒక్కలన్న చెప్పిన్రా నాకు" అంది. నన్ను దగ్గరికి లాక్కుని, వంటింటి వైపు తిరిగి, "ఓ పిల్లా, బిడ్డకు నా గడ్డం కనవడ్డది" అని కేకేసింది. అమ్మ చేతులకు పిండితోనే పరుగెత్తుకొచ్చి, కన్ను మాట మరిచిపోయి అత్తగారి గడ్డం కేసి చూస్తూ నిలబడింది.

ఆ కన్ను కళ్లద్దాల సాయంతో చాలామటుకు దారికొచ్చింది. నాయనమ్మ ఇప్పుడు లేదు. మొన్న అద్దం ముందు నిలబడితే నా గడ్డం కింద తెల్లగా ఏదో మెరిసింది. కుడికన్ను మూసుకుని ఎడమకంటితో చూశాను. వెంట్రుకే, స్పష్టంగా ఉంది. నవ్వూ వచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది. పీకలేదు. మా ఆయన రెండు కళ్లూ భేషుగ్గా ఉన్న మనిషి, రోజూ ఎదురుగా కూర్చునే అన్నం తింటాడు. ఇంతవరకూ ఏమీ అనలేదు.