చిల్లుల గరిటెలో గ్రహణం

మా అపార్ట్‌మెంట్ లిఫ్టుకు పండగలంటే మహా భక్తి. ఆ రోజుల్లో పని ముట్టుకోదు. అందుకే ఆ దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం పూట, నేను డాబా మీదికి మెట్లెక్కాల్సి వచ్చింది.

పిలిచింది పై వాటాలోని రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. ఎప్పుడు గ్రహణం వచ్చినా ఆయన బూందీ దూసే చిల్లుల గరిటె పట్టుకుని, సూర్యుడికి వీపు పెట్టి, వాటర్ ట్యాంకు గోడ ముందు నిలబడేవారు. ఒక్కో చిల్లులోంచి ఒక్కో చిన్న సూర్యుడు గోడ మీద పడేవాడు. "వెనక్కి తిరక్కండి, కళ్ళు పోతాయి. గోడ చూడండి చాలు," అనేవారు. ప్రేక్షకుణ్ణి సాధారణంగా నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు తలుపులేసుకుని రోకలి నిలబెట్టే పనిలో ఉండేవారు.

వాళ్ళావిడా అంతే. పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి గ్రహణానికీ "ఒక్కసారి వచ్చి చూడవే" అని ఆయన పిలవడం, ఆవిడ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసుకుంటూ ఇంట్లోనే ఉండిపోవడం.

ఆ సాయంత్రం ఆయన చెయ్యి వణుకుతోంది. "ఈసారి పిలవలేదండీ. ఓపిక లేదు," అన్నారు.

అంతలో ఆవిడే వచ్చారు, కొంగున దర్భపోచ ముడేసుకుని, ఆయాసపడుతూ. "కంటి ఆపరేషనై నెల కాలేదు. పైకి చూస్తారేమోనని వచ్చా."

మాస్టారు గరిటెకు రెండో చెయ్యి కూడా వేశారు. "గోడ చూడవే," అన్నారు.

గోదావరి అవతల పొద్దు వాలుతోంది. గోడ నిండా, అంచు కాస్త కొరికిన అప్పచ్చుల్లాంటి సూర్యుళ్ళు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చూశారు.

"దీనికా ఇన్నేళ్ళూ పిలిచారు?"