మందు ఫెయిలా, మనిషి ఫెయిలా

మా బావకు కడుపులో పుండు ఉందని తేలేనాటికి ఆయన గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. నేను మెకానికల్ డిప్లొమా ముగించి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో తనిఖీ పనికి చేరాను. అక్కా బావల ఇంట్లోనే ఉండేవాణ్ణి. బావది పద్మనాభం దగ్గర వ్యవసాయ కుటుంబం. ఇంటిల్లిపాదీ బురదలో వంగి బతికినవాళ్ళే. వాళ్ళలో అంత ఎత్తున కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషి ఆయన. అందుకే నొప్పి కన్నా, నొప్పి మూలంగా క్రేన్ మీంచి దింపేస్తారన్న భయమే ఎక్కువ. ఒకసారి పైన క్యాబిన్‌లో మెలికలు తిరిగిపోతుంటే ఫోర్‌మన్ కంట పడ్డాడు. మళ్ళీ అలా జరిగితే యార్డులో కింది పనికి మారుస్తానని ఫోర్‌మన్ చెప్పేశాడు.

ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో పుండుకు ఇచ్చేది సీసాలో తెల్లటి చిక్కటి ద్రవం. బావ దాన్ని సున్నం అనేవాడు. నేను ఆయన్ను పిలిచినట్టే ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు.

"రోజుకి మూడు కోటింగులు ఏత్తన్నాను బావా. కడుపు పండక్కి ఎల్లేసిన గోడలాగుంది. నొప్పి మాత్రం ఆ గోడెనకాలే కాపరం ఉంది."

పట్నంలో ఒక స్పెషలిస్టు కొత్తగా వచ్చిన మాత్ర రాసిచ్చాడు. నెలనెలా కొనుక్కునే స్తోమత మాకు లేదు. కంపెనీ ఇవ్వాలంటే అది వాళ్ళ మందుల జాబితాలో లేదు. జాబితాలో లేని మందుకు మెడికల్ కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ఒప్పుకోవాలంటే ఆ మందు పనిచేస్తుందని పరిశోధన చూపించాలి.

ఈ షరతు విని అక్క దిగులుపడింది. నేను ఉత్సాహపడ్డాను. ఆధారాలు చూపించమని నన్నెవరైనా అడగడం అదే మొదటిసారి. మద్దిలపాలెంలో గది తీసుకుని చదువుకుంటున్న ఒక మెడికల్ విద్యార్థిని పట్టుకున్నాను. అతని చేత కాలేజీ లైబ్రరీ నుంచి ఒక విదేశీ పత్రిక తెప్పించి, అందులోని వ్యాసాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా చేత్తో ఎత్తి రాశాను. పట్టికలు, పట్టికల కింద చిన్న అక్షరాల గమనికలు, రచయితల కృతజ్ఞతలు కూడా వదల్లేదు. వాళ్ళ గ్రాఫులో గీతల మందం సమంగా లేదు. నేను గ్రాఫు కాగితం మీద సరిచేసి గీశాను.

కమిటీలో ముగ్గురు: పెద్ద డాక్టరు, అకౌంట్సు అధికారి, పర్సనల్ అధికారి. బావతో పాటు నన్నూ లోపలికి రానిచ్చారు. అకౌంట్సు అధికారి ముందుగా, ఈ రోగులు రొట్టె తినే దేశంవాళ్ళు కదా, మనవాళ్ళ కారానికి ఈ లెక్క వర్తిస్తుందా అని అడిగాడు. కారం తిన్న కడుపుకు మంచి మందు ఇంకా ఎక్కువ అవసరమని పెద్ద డాక్టరు ఆయన్ను ఆపేశాడు. తర్వాత వ్యాసం చదివాడు. ద్రవమందు మీద ఫెయిలైన రోగుల్లో కూడా ఈ మాత్రతో పుండు మానిందని అందులో ఉంది. అది ఆయనకు నచ్చింది. బావ కూడా అదే కోవకు చెందినవాడని తేలితే చాలన్నాడు. కాగితం తీసుకుని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాడు: ఈ రోగి ద్రవమందు మీద ఫెయిలయ్యాడు. సంతకం పెట్టమని బావ వైపు జరిపాడు.

బావకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఆ ఒక్క మాట ఎక్కడున్నా గుర్తుపడతాడు. పదో తరగతి మూడుసార్లు తప్పినవాడు. మూడుసార్లూ పేపర్లో ఆయన నంబరు కోసం ఊరి టీకొట్టు దగ్గర జనం గుమిగూడి వెతికి, లేదని ఇంటిదాకా వచ్చి మరీ చెప్పారట.

"బాబూ, నాను ఫెయిలా?" అన్నాడు బావ.

అది వైద్య భాష అనీ, అలాగే రాస్తారనీ డాక్టరు సర్దిచెప్పాడు.

"పదో తరగతి తప్పాను, కాదన్ను. ఈ సున్నం మాత్రం సీసా అడుగు దాకా తాగాను బాబూ. నా పని నాను సేసేను. దాని పని అది సెయ్యలేదు. మందు ఫెయిలని రాయండి, ఇప్పుడే సంతకం పెడతాను."

ఈసారి అకౌంట్సు అధికారి ఉలిక్కిపడ్డాడు. మందు ఫెయిలని కాగితం మీద పడితే, ఆ మందును గోడౌను నిండా ఎందుకు కొన్నారని రేపు ఆడిట్‌వాళ్ళు అడుగుతారట. మనిషి ఫెయిలైతే ఎవరికీ ఇబ్బంది లేదన్నాడు. పర్సనల్ అధికారి అటూ ఇటూ చూసి, ఇద్దరూ చెరిసగం ఫెయిలైనట్టు రాయవచ్చేమో అన్నాడు.

సాయం చేద్దామని నేను కల్పించుకున్నాను. మా వర్క్‌షాపులో బరువు పరీక్షకు పెట్టిన ఇనపముక్క విరిగితే ముక్క ఫెయిల్ అని రాస్తామనీ, అది ముక్కను అవమానించడం కాదనీ వివరించాను. బావ నన్నే చూస్తూ కుర్చీలోంచి లేచాడు.

"నన్ను ముక్కని సేసేవా బావా?"

గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. ఆయన గడప దాటితే మాత్రా లేదు, క్రేనూ లేదు. కంగారులో నాకు తోచింది ఒక్కటే: తెలుగులో రాయండి అన్నాను. నేనే కాగితం లాక్కుని రాశాను: "ద్రవమందు వాడినా నొప్పి తగ్గలేదు." అకౌంట్సు అధికారి అందులో తప్పెవరిదో వెతికాడు. మనిషీ దొరకలేదు, మందూ దొరకలేదు. తగ్గనిదల్లా నొప్పి. దాని మీద ఎవరూ ఆడిట్ చెయ్యలేరు. బావ వెనక్కి వచ్చి, రెండుసార్లు చదువుకుని, సంతకం పెట్టాడు.

మంజూరు రాయబోతూ పెద్ద డాక్టరు నేనిచ్చిన ఆఖరి కాగితం తిప్పాడు. పొగ తాగేవాళ్ళలో పుండు ఆలస్యంగా మానుతుందని అక్కడ ఉంది. నా దస్తూరీ స్పష్టంగా ఉంటుంది. పరిశోధనను సగం ఒప్పుకుని సగం వదిలెయ్యడం కుదరదంటూ, పొగ మానాలన్న షరతు మీదే మాత్ర ఇస్తానన్నాడు. బావ చొక్కా జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

బయటికొచ్చి బస్టాపు చేరాక బావ నా వైపు తిరిగాడు.

"అంతా రాసేవు, బానే ఉంది. ఆ ఆకరి కాయితం బస్సులో మర్సిపోలేకపోయావా?"

వ్యాసం మధ్యలో ఆపేస్తే అది ఆధారం కాదన్నాను. ఆయన బస్సెక్కి వేరే సీటులో కూర్చున్నాడు.

కొన్ని వారాలకు నొప్పి తగ్గింది. ఫోర్‌మన్ మళ్ళీ యార్డు మాట ఎత్తలేదు. క్యాబిన్‌లో బీడీకి బదులు వేయించిన శనగలు చేరాయి. కింద నుంచి ఎవరైనా అగ్గిపెట్టె ఉందా అని కేకేస్తే, బావ పైనుంచే జవాబు చెప్పేవాడట:

"నేదు. మా బావ రీసెర్చి సేసి పట్టుకుపోనాడు."