మంగళవారం సమీక్ష

మంగళవారం అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తాండూరుకు అవతల ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసిన రోజుల్లో, ప్రతి మంగళవారం జిల్లా అధికారుల సమీక్ష కోసం వికారాబాద్ పోయేవాణ్ణి. రిజిస్టరులో రాసిందే ఫోన్లో ఎక్కించాలి. ఫోన్లో ఎక్కించిందే మళ్లీ కాగితం మీద రాసి పట్టుకుపోవాలి. ఆ కాగితాన్ని అక్కడ నిలబడి చదవాలి. ఇదంతా వైద్యం కిందికే వస్తుందట.

మా తాత కాలంలో ఇలాంటి అధికారులు మా గడీ వాకిట్లో చెప్పులు విడిచి, పిలుపు కోసం కూర్చునేవాళ్లు. పొలాలు పోయాయి, గడీ కూలింది. ఎవరినీ ఏదీ అడక్కపోవడం ఒక్కటే నా దాకా మిగిలింది.

ఆ వానాకాలంలో మేకలు కాసే ఒక పెద్దమ్మ కాలి పుండుతో వచ్చేది. షుగర్ ఉంది. నాపరాళ్ల పాలిషింగులో పనిచేసే కోడలికి మంగళవారమే సెలవు. మేకల్ని ఆమెకు అప్పగించి, ఆ ఒక్కరోజే రాగలిగేది. రెండు వారాలు నర్సు కట్టు మార్చి పంపింది. చచ్చిన కండ కోసి తీయాల్సింది నేను. నేను వికారాబాద్‌లో ఉన్నాను. మానేస్తే సంజాయిషీ అడుగుతారు, అది నాకు నామోషీ.

మూడో మంగళవారం సమీక్షలో తెరమీద మా ఆసుపత్రి వరుస ఎర్రగా కనబడింది. ఏదో వైద్య శిబిరం ఫోటో ఎక్కించలేదట.

"నిలబడండి డాక్టర్ గారూ. ఒక్క ఫోటో తీయనీకి ఎంతసేపు వడ్తది?" అన్నాడు పై అధికారి.

నిలబడ్డాను. కూర్చున్నాక నర్సు ఫోన్ చేసింది. "సార్, పెద్దమ్మ కాలివేలు నల్లవడ్డది. జర జల్ది రాండ్రి."

'వెళ్లాలి, అనుమతివ్వండి' అంటే సరిపోయేది. ఆ మనిషిని ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. చాయ్ తాగి, అందరితో ఫోటో దిగి, సాయంత్రం బయటపడ్డాను. వాళ్లమీద ఎంత కోపమో, నామీద అంతకు రెట్టింపు.

ఆసుపత్రిలో పెద్దమ్మ ఇంకా బల్లమీదే కూర్చుని ఉంది.

"వచ్చినవా సారూ? గా మీటింగుల గంతసేపు ఏం జేస్తరు? పెండ్లి మాటలా?"

కట్టు విప్పాను. రెండు వేళ్లు నల్లబడ్డాయి, నలుపు పాదం మీదికి పాకుతోంది. ఇక నా చేతిలో లేదు.

"కాలు ఉంటదా సారూ?"

"వేళ్లు ఉండయమ్మా. పాదం సంగతి హైదరాబాద్ల చెప్తరు."

"మరి మేకలెంట ఎట్ల తిరగాలె?"

పెన్ను తీశాను. పెద్దాసుపత్రికి పంపే కాగితంలో 'ఆలస్యానికి కారణం' అని ఒక వరుస ఉంటుంది. 'రోగి మూడు వారాలూ వచ్చింది. వైద్యుడు సమీక్షలో ఉన్నాడు' అని రాసి సంతకం చేశాను. దాని ఫోటో కూడా పైకి పంపాలి కదా, పంపాను. ఆ ఫోటో మాత్రం వెంటనే చూశారు. అంబులెన్సు రాకముందే పై అధికారి ఫోన్ చేశాడు.

"గట్ల రాస్తరా ఎవరన్నా? పేషెంట్ లేటుగొచ్చిందని మార్చుండ్రి."

"ఆమె లేటుగ రాలే సార్. నేనొచ్చిన."

"మీకే నష్టం, సూడుండ్రి."

"కానీయండి" అని ఫోన్ పెట్టేశాను. కాగితం మడిచి పెద్దమ్మ చేతికిచ్చాను.

"ఇది ఎవ్వలడిగినా ఇయ్యకు. అక్కడి డాక్టరుకే సూపియ్యి" అన్నాను.