రానిచ్చి, పోనిచ్చిన చప్పుడు

ధ్యానం నేర్చుకుంటే మనసు నిమ్మళిస్తుందని అందరూ అంటారు. నేను మనసు కోసం పోలేదు. చెయ్యి లేవకుండా ఉండాలని పోయాను. మంచంలో ఉన్న మా నాన్నను ఏదో ఒకరోజు కొట్టేస్తానేమోనని నాకు భయం పట్టుకుంది.

డెబ్బైల నాటి మాట. మాది పట్నంలో కిషన్‌బాగ్. తాతల కాలం నుంచి పాల వ్యాపారం, ఇంటి వెనక కొట్టంలో నాలుగు బర్రెలు. నాకు బస్సుల వర్క్‌షాపులో ఫిట్టర్ ఉద్యోగం వచ్చినా పాలు పిండటం తప్పలేదు. నాన్నకు పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట కూడా పోయింది. అమ్మ అంతకు చాలా ముందే పోయింది. నేను, నా భార్య, మంచంలో నాన్న. అంతే ఇల్లు.

మాట లేని మనిషి మమ్మల్ని పిలవడానికి ఏదో ఒకటి కావాలి కదా. సేర్లు పోయి లీటర్లు వచ్చాక మూలన పడిన ఇత్తడి పావుసేరు కొలతను నా భార్య తోమి ఆయన ఎడమచేతికిచ్చింది. ఏం కావాలన్నా దాన్ని మంచం పట్టెకు మూడుసార్లు కొట్టేవాడు. నీళ్ళకు మూడు, ఒంటికి పోవాలన్నా మూడు, ఈగలు ముసిరితే మూడు. ఊరికే ఒక మనిషి మొహం చూడాలనిపించినా మూడే. ఏది దేనికో పోయి చూస్తే గాని తెలిసేది కాదు.

నాకు చిన్నప్పటి నుంచి ముక్కు మీదే కోపం. పొద్దున నాలుగింటికి లేచి పాలు పిండి, వర్క్‌షాపులో ఎనిమిది గంటలు ఇనుముతో కొట్లాడి, సాయంత్రం మళ్ళీ కొట్టంలోకి దూరే మనిషికి ఉన్న కోపం తగ్గుతుందా, పెరుగుతుందా? ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చాయ్ గ్లాసు చేతికి తీసుకున్నానో లేదో, పావుసేరు మోగింది. పోయాను. నీళ్ళా అంటే కాదని తల ఊపాడు, ఇంకేదైనానా అంటే మళ్ళీ కాదనే ఊపాడు. తిరిగి వచ్చి కూర్చోగానే మళ్ళీ మోగింది. అలా నాలుగుసార్లు. అయిదోసారి పోయి ఆ కొలతను ఆయన చేతిలోంచి గుంజి వాకిట్లోకి విసిరేశాను. అది కుడితి తొట్టికి తగిలి ఖంగుమంది. వెనక్కి తిరిగి చూస్తే, నాన్న తన మంచి చేతిని ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

నేను చెయ్యి ఎత్తలేదు. కాని ఆయన దెబ్బ పడుతుందనుకున్నాడు. నన్ను ఏనాడూ ఒక్క దెబ్బ కొట్టని మనిషి. వాకిట్లోకి పోయి ఆ కొలతను ఏరుకొచ్చి, కడిగి, ఆయన చేతిలో పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చాను. నా భార్య అంతా చూసి, చల్లారిన నా చాయ్ గ్లాసును తీసి పారబోసింది. ఆమె ఏదన్నా అంటే బాగుండు అనిపించింది.

మా వర్క్‌షాపులో ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. నా మొహం చూసి సంగతి అడిగితే దాచకుండా చెప్పేశాను. బహదూర్‌పురాలో ఒక రిటైరైన హెడ్మాస్టర్ ఆదివారాలు పొద్దున తన వరండాలో ధ్యానం నేర్పిస్తాడని, తన బావమరిది తాగుడు అక్కడే తగ్గిందని చెప్పాడు. తాగుడు తగ్గించేది కోపాన్ని తగ్గించదా అని నేనూ పోయాను.

వరండాలో చాపల మీద ఏడెనిమిది మందిమి. వీపు నిలబెట్టి, కళ్ళు మూసుకుని, వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని చూడాలి. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి రావాలి. వినడానికి ఎంత సులువు! నేను నాలుగు దాకా వచ్చేసరికి తవుడు బస్తా గుర్తుకొచ్చేది. మళ్ళీ మొదలుపెడితే పది దాటి పదిహేడు దాకా పోయాక తెలిసేది, నేను ఊపిరిని కాదు, వర్క్‌షాపులో విప్పిన నట్లను లెక్కపెడుతున్నానని. కాళ్ళు మొద్దుబారేవి. పక్కనున్నాయన సన్నగా గురక పెట్టేవాడు. అదే సమయానికి దగ్గర్లోని జూలో సింహం గర్జించేది. మొదటి ఆదివారం నేను ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. హెడ్మాస్టర్ సారు తెరవలేదు.

“చప్పుడు వస్తే రానియ్యి బిడ్డా, పోతే పోనియ్యి. దాని ఎంబడి నువ్వు పోకు,” అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నా తిప్పలంతా ఒక చప్పుడు వెంట పోవడంలోనే ఉంది కదా అనిపించింది.

ఇంట్లో రోజూ కూర్చోవడం మొదలుపెట్టాను. పొద్దున ఆరింటికి నా భార్య పాల క్యానుతో వాడిక ఇళ్ళకు పాలు పోయడానికి వెళ్ళిపోయేది, వచ్చేసరికి ఏడున్నర దాటేది. ఆ గంటన్నర ఇంట్లో నేను, నాన్న. ముందు గదిలో పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. లోపలి గదికి తలుపు లేదు, మంచంలోంచి ఆయనకు నా వీపు కనబడేది. పావుసేరు మోగితే లేచి పోయేవాణ్ణి, వచ్చి మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నెల గడిచినా ఒక్కరోజు కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. కాని ఒకటి మాత్రం నిజం, కోపం తగ్గింది. అరవడం మానేశాను. దాంతో నాకు ధ్యానం మీద ఆశ పుట్టింది. ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటే పూర్తిగా మంచివాణ్ణయిపోతానని అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా కొట్టంలో ఒక దూడకు పాలు మాన్పిస్తున్నాం. పాలు మాన్పించేటప్పుడు దూడను తల్లికి దూరంగా కట్టేస్తారు. అది మూడు నాలుగు రోజులు అరుస్తుంది. అరిచినప్పుడల్లా దగ్గరికి పోతే ఎన్నటికీ మానదు, పోకపోతే దానంతట అదే ఊరుకుంటుంది. ఇది నాకు నాన్న నేర్పిందే. పదేళ్ళ వయసులో నేను దూడ ఏడుపు చూడలేక దగ్గరికి పోబోతే, చెయ్యి పట్టి ఆపి చెప్పాడు. ఇప్పుడు పీట మీద కూర్చున్న నాకు ఆ సంగతీ, హెడ్మాస్టర్ సారు మాటా ఒకటే అనిపించాయి. నాన్న పిలుపుల్లో సగం ఊరికే పిలిచేవే కదా. ఒక్క అరగంట పోకుండా ఉంటే ఆయనకూ అలవాటవుతుంది, నాకూ ధ్యానం కుదురుతుంది. అలా అనుకున్నాను. ఇది నేనే అనుకున్నాను, ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఊపిరి నాలుగో అయిదో లెక్కలో ఉండగా పావుసేరు మోగింది. మూడుసార్లు. రానిచ్చాను, పోనిచ్చాను. కాసేపటికి మళ్ళీ మూడు. అవీ పోయాయి. తర్వాత ఆగకుండా చాలాసేపు మోగింది, నా ఊపిరి మాత్రం చెక్కుచెదరలేదు. చివర్న చాలా ఆలస్యంగా ఒకే ఒక్క దెబ్బ. ఆ తర్వాత ఇల్లంతా సద్దుమణిగింది. పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ ఒకటికి వచ్చి, మళ్ళీ పది. అలా ఎన్ని పదులో. జీవితంలో మొదటిసారి ధ్యానం కుదిరింది. లోపల ఎంత హాయిగా ఉండిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. గర్వం కూడా కలిగింది.

నా భార్య వచ్చిన అలికిడికి కళ్ళు తెరిచాను. ఆమె లోపలికి పోయి, బయటికి వచ్చి గడపలో నిలబడింది.

“మామ తడిల పడున్నడు. సగం కిందికి జారిండు. నువ్వు ఇంట్లనే ఉంటివి గద?”

తనంతట తాను లేవబోయాడు కాబోలు. మంచి చేత్తో నులకను పట్టుకుని వేలాడుతున్నాడు. వేళ్ళు తెల్లబడిపోయాయి. ఎత్తి పడుకోబెట్టాను, బట్టలు మార్చాను. ఆయన నా వైపు చూడలేదు. దెబ్బలేమీ తగల్లేదు లెమ్మని నాకు నేను చెప్పుకుని డ్యూటీకి పోయాను.

ఆ రోజు నుంచి పావుసేరు మోగలేదు. మొదట గమనించలేదు. రెండో రోజుకి హాయి అనిపించింది. నాలుగో రోజుకి భయం వేసింది. వారం తర్వాత ఆయన పక్కన కూర్చుని అడిగాను, నా మీద కోపమొచ్చిందా బాపూ, ఎందుకు పిలుస్తలేవు అని. కోపం లేదని తల అడ్డంగా ఊపాడు. ఎడమచేత్తో ముందు గదిలోని నా పీటను చూపించాడు. తర్వాత కళ్ళు మూసుకుని, చేతనైనంతలో వీపు నిటారుగా పెట్టి చూపించాడు. ఆ తర్వాత వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

నేను బాగుపడుతున్నానని ఆయనకు తెలుసు. అరుపులు ఆగిపోవడం ఆయనే అందరికంటే ముందు విన్నాడు. కొడుకు బాగుపడే పనికి తాను అడ్డు రాకూడదనుకున్నాడు.

“నేనిగ కూసుంట లేను బాపూ. మానేసిన. నువ్వు కొట్టు,” అన్నాను.

సరేనన్నట్టు తల ఊపాడు. నిజంగానే మానేశాను. పీటను కొట్టంలో పడేశాను, బహదూర్‌పురా వైపు మళ్ళీ పోలేదు. రోజూ పొద్దున ఆయన చేతిలో పావుసేరు పెట్టేవాణ్ణి. ఆయన కాదనకుండా తీసుకునేవాడు. నేను పక్కకు తిరగగానే, పట్టెకు తగిలి చప్పుడు కాకుండా దాన్ని మెల్లగా దుప్పటి మీద పెట్టేసేవాడు. గంటగంటకూ నేనే పోయి చూసేవాణ్ణి, నేను డ్యూటీకి పోతే నా భార్య చూసేది. ఆమెనూ పిలిచేవాడు కాదు. ఎన్నోసార్లు పోయేసరికే ఆలస్యమయ్యేది. గొంతెండి ఉండేవాడు, తడిసి ఉండేవాడు, కళ్ళు మాత్రం మూసుకుని ఉండేవాడు. బతిమాలాను, కోప్పడ్డాను కూడా. మారలేదు.

ఆషాఢంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం పోయాడు. నేను డ్యూటీలో ఉన్నాను. నా భార్య ఇంట్లోనే, మంచానికి పది అడుగుల దూరంలో బియ్యం ఏరుతూ ఉంది. ఆమెకు ఏమీ వినబడలేదు. నీళ్ళు ఇద్దామని పోతే చెయ్యి చల్లగా తగిలిందట.

గల్లీ అంతా వచ్చింది. అరుగు మీద కూర్చున్న పెద్దాళ్ళు ఆయన్ను మెచ్చుకున్నారు.

“పుణ్యాత్ముడు. ఎవ్వల్ని పిల్వలే, ఎవ్వల్ని తిప్పల పెట్టలే. ఎంత నిమ్మళంగ పోయిండు,” అన్నాడొకాయన.

మిగతావాళ్ళు అవునవునన్నారు. నేను వాన చూస్తూ నిలబడ్డాను. పిలవకుండా ఉండటం ఆయనకు ఎవరు అలవాటు చేశారో వాళ్ళకు తెలియదు.