నా కారు ఇంజను నీళ్ళలో ఉంది

నెలలో తెచ్చిస్తానని నా కారు ఇంజను తీసుకెళ్ళి తన పడవకు బిగించుకున్న నా స్నేహితుడు పోలయ్య, అది ఇవ్వకుండానే చనిపోయాడు. ఆ మంట నాకు ఏళ్ళ తరబడి చల్లారలేదు. తెనాలిలో మా ఇంటి వసారాలో ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుకు నా చేత్తో రేకు అతికించాను, రంగు కొట్టాను, సీట్లు కుట్టించాను. బానెట్ ఎత్తితే మాత్రం లోపల ఖాళీ.

ఈ రోజు రేపల్లె దాటి రేవుకు వెళ్ళి పోలయ్య కొడుకుని నిలదీశాను.

"నా ఇంజనేదిరా?"

"అదిగో బాబాయ్, నీళ్ళలో. ఉప్పు నీళ్ళకి తుప్పు పట్టి తిరక్కుండా పట్టేస్తే నాన్నే తాడు కట్టి లంగరు చేశాడు."

"పైకి తియ్. నీకు కొత్త లంగరు నేను కొనిస్తా."

"గాలివానకి పక్క పడవలన్నీ కొట్టుకుపోయాయి, మాదొక్కటే నిలబడింది. అది తీస్తే అమ్మ ఊరుకోదు. నువ్వు ఏదన్నా వ్యాను ఇంజను పెట్టుకోరాదా?"

తాడు పట్టుకుని లాగాను. అంగుళం కదల్లేదు. వాళ్ళ పడవను కాపాడింది నా ఇంజనేనని విన్నాక కోపం సగం తగ్గింది. సగమే.

వ్యాను ఇంజను పెడితే అది నా కారు అవుతుందా? మీరే చెప్పండి. పట్టేసిన ఇంజను మళ్ళీ తిరుగుతుందో లేదో పైకి తీస్తేనే తెలుస్తుంది, నాకూ వయసు అయిపోతోంది.

ఒరేయ్ పోలయ్య కొడకా, నేనిక్కడ రాసింది నువ్వూ చూస్తావని తెలుసు. మీ అమ్మనడుగు. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఇస్తారో ఇవ్వరో చెప్పాలి.