చింతపండుతో తోమిన కత్తి

మొన్న పన్ను నొప్పికి వెళ్తే డెంటిస్ట్ దూదిమీద వేసిన లవంగ నూనె వాసనకి నా కళ్లు చెమర్చాయి. నొప్పి అనుకుని ఆయన సారీ చెప్పాడు. నాకది పిస్కాటవే అనే ఊళ్లో, చిన్నప్పటి మా ఇంటి బేస్‌మెంట్ వాసన.

మా నాన్న మందుల కంపెనీలో కెమిస్ట్. చదువుకునే రోజుల్లో ఎవరింటి ముందో యార్డ్ సేల్‌లో కొన్న పాత జపాన్ కత్తితో పట్టుకున్న పిచ్చి ఆయన్ని వదల్లేదు. నేను ఫోర్త్ గ్రేడ్‌కి వచ్చేసరికి ఇంట్లో తొమ్మిది కత్తులు. ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, తెల్ల దుప్పటి పరిచి, ఊపిరి తగిలితే ఉక్కు చెడుతుందని పెదాల మధ్య మడత కాగితం బిగించి, మెత్తటి పొడి అద్ది, తుడిచి, లవంగ నూనె పలచగా రాసేవారు. పైనుంచి పెసరట్ల వాసన దిగుతుంటే, కిటికీలోంచి పడే ఎండలో ఆ అంచు మీద పొగమంచులా కదిలే తెల్లటి గీతను నేను మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని.

ఆ ఏడు దసరాకి, బయట మేపుల్ ఆకులు ఎర్రబడుతుండగా, అమ్మ గారెలకి పప్పు రుబ్బుతూ నాకు ఇత్తడి కుందులూ చింతపండూ ఇచ్చింది. అవి బంగారంలా మెరిశాయి. కింద, ల్యాబ్ నుంచి ఫోనొచ్చి నాన్న హడావిడిగా వదిలి వెళ్లిన కత్తి పిడి ఊడదీసి ఉంది. పిడిలో దాగే భాగమంతా నల్లటి తుప్పు. పూజకి నాన్నని సర్‌ప్రైజ్ చేద్దామని, పదునుకి తువ్వాలు చుట్టి, చింతపండూ ఉప్పూ ఇనప పీచూ వేసి, చేతులు మండేదాకా తోమాను.

నాన్న వచ్చి చూసి, “ఎవరు ముట్టుకున్నారు దీన్ని?” అన్నారు.

ఆయన వెనకే దిగొచ్చిన అమ్మ నా వేళ్లకేసి చూసింది. “నేనేనండీ. పండక్కి అన్నీ తోముతూ దీన్నీ తోమేశా.”

నాన్న అరవలేదు. దుప్పటి మీద కూలబడ్డారు. “అది మురికి కాదే. దాని వయసు. నాలుగు వందల ఏళ్లు పట్టింది ఆ నలుపుకి.”

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆ పండగంతా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

కొన్నాళ్లకి ఆ కోపం జోకైంది. అంకుల్స్, ఆంటీలు భోజనానికొచ్చిన ప్రతిసారీ, “మా ఆవిడ నాలుగు వందల ఏళ్ల చరిత్రని చింతపండుతో తోమేసింది” అనేవారు నాన్న. అందరూ నవ్వేవారు, అమ్మ కూడా. కాలేజీలో ఉండగా నిజం చెప్పేస్తానంటే అమ్మ వద్దంది: “ఇన్నేళ్లు నన్నన్నందుకు ఆయన బాధపడతారే.”

చివరికి నా నిశ్చితార్థం నాటి భోజనాల్లో, కాబోయే అత్తగారి ముందు నాన్న మళ్లీ మొదలుపెట్టారు. అమ్మ అలవాటుగా నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

“నాన్నా, అది నేను చేశాను. అమ్మ కాదు.”

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మవైపు తిరిగి, “ఒక్కసారైనా చెప్పలేదేం?” అన్నారు.

“చిన్నపిల్లండీ అది,” అంది అమ్మ.

ఆ ఇల్లు అమ్మేశారు. ఆదివారాలు పోయాయి, కత్తులన్నీ వేరే సేకర్తల ఇళ్లకి చేరాయి. అతిథులొస్తే, ఆ జోక్ రావలసిన చోట నాన్న ఇప్పుడు ఆగిపోతారు. అమ్మకేసి ఓసారి చూసి, ఆవిడ గ్లాసులో నీళ్లు పోస్తారు.